ఉప్పు మూట, చమురు బావి

రాబర్ట్ ఫ్లాహర్టీ 1948లో తీసిన ‘లూసియానా స్టోరీ’ సినిమాలో ఒక కేజన్ కుర్రాడు ఉంటాడు. దక్షిణ లూసియానా చిత్తడి నేలల్లో, అక్కడివాళ్లు బాయూలని పిలిచే నెమ్మది నీటిపాయల్లో, పడవేసుకుని తిరుగుతుంటాడు. నీళ్లలో బుడగలు లేస్తే జలకన్యలనుకుంటాడు. అడవిలో తోడేలు మనుషులున్నారని నమ్ముతాడు. వాళ్ల పీడ తగలకుండా నడుముకి ఉప్పు మూట కట్టుకుంటాడు. ఇంతలో చమురు తవ్వేవాళ్లు దిగుతారు. వాళ్లంత మంచివాళ్లు ఇంకెక్కడా ఉండరు. కుర్రాడితో కబుర్లాడతారు, యంత్రం చూపిస్తారు. బావి పేలి పని ఆగిపోతే కుర్రాడు తన ఉప్పు తెచ్చి అందులో పోస్తాడు. ఆ తర్వాత చమురు పడుతుంది, అందరూ ముచ్చటపడతారు. పని ముగిశాక యంత్రం వెళ్లిపోతుంది, బాయూ ఎప్పటిలాగే తేటగా ఉంటుంది. ఈ సినిమాకి డబ్బు పెట్టింది న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ. ఆ సంగతి తెర మీద కనిపించదు.

సినిమా అందంగా ఉంది, కాదనను. సంగీతం కూర్చిన వర్జిల్ థామ్సన్‌కి మరుసటేడాది పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. నా తగాదా అది అంత అందంగా చెప్పిన తీర్పుతో. ఒక పక్క మూఢనమ్మకం, ఇంకో పక్క ప్రగతి. మొదటిదాన్ని చూసి ముసిముసిగా నవ్వుకోవాలి, రెండోదానికి దారి వదలాలి.

లూసియానా క్రియోళ్ల గురించీ కేజన్ల గురించీ లోకంలో నేటికీ చలామణీ అవుతున్న అభిప్రాయం ఇంతకు మించి ఏమీ లేదు. చిత్తడిలో లోకానికి దూరంగా ఉండిపోయిన చదువులేని జనం. చీకటికి జడిసి కథలు కట్టుకున్నారు. డాక్టరు దొరక్క మంత్రాలు వేయించుకున్నారు. బడీ రోడ్డూ వచ్చాక అవన్నీ వాటంతటవే రాలిపోయాయి. మిగిలినవి టూరిస్టులకి కాలక్షేపం. నల్లవాళ్ల వూడూ దగ్గరికొస్తే ఆ మాత్రం దయ కూడా చూపరు. సూదులు గుచ్చిన బొమ్మలు, నెత్తురు, లేచి నడిచే శవాలు, అంతే. తెలుగులోకి డబ్బింగయిన హాలీవుడ్ సినిమాలు చూసీ, యూట్యూబ్‌లో ‘ప్రపంచంలోనే భయంకరమైన చేతబడి’ తరహా వీడియోలు చూసీ మనవాళ్లు ఏర్పరచుకున్న అభిప్రాయమూ ఇదే. కొంచెం చదువుకున్నవాళ్లు భయం తీసేసి ఆ చోట జాలి పెడతారు.

ఈ అభిప్రాయం పునాదిలోనే తప్పు. కోర్టూ ఆస్పత్రీ బడీ తమవి కాని జనం తమ బతుకు తాము నడుపుకోవడానికి కట్టుకున్న ఏర్పాట్లు ఈ కథలు, ఈ ఆచారాలు. వాటికి మూఢత్వమని పేరు పెట్టినవాళ్లకి ఆ పేరు వల్ల చాలాసార్లు ఏదో ఒక లాభం ఉంది. ఇదీ నా వాదన.

ముందు ‘లోకానికి దూరం’ అన్న మాట సంగతి తేల్చుకుందాం. కేజన్ల పూర్వీకులు అకాడియన్లు. ఇప్పటి కెనడాలో నోవా స్కోషియా అనే చోట సముద్రపు నేలకి గట్లు కట్టి సాగు చేసుకుంటున్న ఫ్రెంచి రైతులు. 1755లో బ్రిటిష్ సైన్యం వాళ్ల ఊళ్లు తగలబెట్టి, ఓడలెక్కించి తరిమేసింది. కొందరు అమెరికా తూర్పు తీరంలో చెల్లాచెదురయ్యారు, కొందరు ఇంగ్లండులో బందీలయ్యారు, కొందరు ఫ్రాన్సు చేరి అక్కడ కూడా పరాయివాళ్లుగానే బతికారు. బోసొలే బ్రూసార్ అనే నాయకుడి వెంట సుమారు 200 మంది 1765లో లూసియానా చేరారు. ఫ్రాన్సులో ఏళ్ల తరబడి మగ్గినవాళ్లు సుమారు 1,600 మంది 1785లో ఏడు ఓడల్లో వచ్చారు. ఈ అకాడియన్ల వారసుడు అలెగ్జాండర్ మూటన్ 1843లో ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. అట్లాంటిక్ మహాసముద్రాన్ని రెండుసార్లు దాటినవాళ్లని లోకం తెలియని వాళ్లంటున్నది ఎవరయ్యా అంటే, న్యూయార్క్ నుంచి రైల్లో వచ్చి రెండు వారాలుండి వ్యాసం రాసుకుపోయిన పత్రికా రచయితలు.

క్రియోళ్లది ఇంకా పెద్ద లోకం. వలస గడ్డ మీద పుట్టినవాళ్లందరికీ మొదట్లో ఆ పేరుండేది. తెల్లవాళ్లు, ఆఫ్రికా సంతతి, ఇద్దరి కలయికలో పుట్టిన స్వతంత్రులు అందరూ అందులో ఉన్నారు. సెయింట్ డొమింగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో, బానిసల విప్లవం నుంచి తప్పించుకుని క్యూబాకి పోయి, అక్కడా నిలవనీయకపోతే 1809–10లో తొమ్మిది వేల మందికి పైగా న్యూ ఓర్లీన్స్‌లో దిగారు. ఊరి జనాభా ఇంచుమించు రెట్టింపయింది. 1845లోనే పదిహేడు మంది క్రియోల్ కవులు ఫ్రెంచిలో ‘లే సెనెల్’ అనే సంకలనం వేశారు. ఆఫ్రికా సంతతి కవులు అమెరికాలో వేసిన మొదటి కవితా సంకలనం అది. 1892లో తెల్లవాళ్ల రైలు పెట్టెలో కావాలని కూర్చుని అరెస్టయిన హోమర్ ప్లెసీ న్యూ ఓర్లీన్స్ క్రియోల్. ఆ కేసు వెనక ఉన్న పౌరుల సంఘం వాళ్లూ ఎక్కువమంది క్రియోళ్లే. 1896లో సుప్రీంకోర్టు వాళ్లని ఓడించి, ‘వేరుగా, కానీ సమానంగా’ అనే నీతిని దేశం నెత్తిన అరవై ఏళ్ల దాకా రుద్దింది. ఇదే సమాజంలో గుమ్మం ముందు ఎర్ర ఇటుకపొడి చల్లుకునేవాళ్లున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఊళ్లోనే ఇటుకపొడీ ఉంది. రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని దాచెయ్యడం ఏం చరిత్ర?

ఇక కథలు. క్రియోళ్లూ కేజన్లూ ఇద్దరూ చెప్పుకునే జంట కొంపే లపాన్, కొంపే బూకీ. లపాన్ కుందేలు, మాయలమారి. బూకీ తిండిపోతు, మొద్దు, ప్రతి కథలోనూ మోసపోయేవాడు. బూకీ ఏ జంతువని లూసియానాలో అడిగితే ఒకరు తోడేలంటారు, ఒకరు నక్కంటారు, చాలామంది తెలియదంటారు. సెనెగల్‌లో వొలోఫ్ జనానికి తెలుసు, అతను దుమ్ములగొండి. అమెరికా అడవుల్లో దుమ్ములగొండి లేదు. ఓడ అడుగున గొలుసులతో వచ్చినవాళ్ల నోట్లో ఆ జంతువు సముద్రం దాటింది. దాని పక్కన నిలబడ్డ కుందేలుకి మాత్రం ఫ్రెంచి పేరు పెట్టారు. ఒక్క కథలో రెండు ఖండాలు ఇలా పక్కపక్కన కూర్చున్నాయంటే ఆ కథ మూలన పడున్న జనానిది ఎలా అవుతుంది?

టులేన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఆల్సే ఫోర్టియే ఈ కథలు కొన్నింటిని 1895లో క్రియోల్ మాటల్లోనే, ఎదురుగా ఇంగ్లీషు పెట్టి, అచ్చు వేశాడు. అందులో తారుబొమ్మ కథ ఉంది. నీళ్లు ఇంకిపోయిన ఏడాది జంతువులన్నీ కూడి బావి తవ్వుదామనుకుంటాయి. లపాన్ నేను రానంటాడు. అందరూ తవ్వాక రాత్రిళ్లు వచ్చి దొంగతనంగా నీళ్లు తోడుకుపోతాడు. జంతువులు తారుతో మనిషి బొమ్మ చేసి బావి దగ్గర నిలబెడతాయి. లపాన్ దానితో గొడవపడి, గుద్ది, తన్ని, దానికే అంటుకుపోతాడు. పట్టుబడ్డాక ఏమైనా చెయ్యండిగానీ ముళ్లపొదలో మాత్రం వెయ్యకండని కాళ్లావేళ్లా పడతాడు. అందులోనే విసురుతారు. అతను పుట్టి పెరిగిన ఇల్లే అది.

దీన్ని పిల్లల కథంటారు, లేకపోతే బానిస తెలివి యజమాని బలాన్ని గెలిచే కథంటారు. రెండోది కొంత నిజం. చెరకు తోటలో దొర వింటుండగా కూడా ధైర్యంగా చెప్పుకోగల కథ ఇది. అయితే చూడండి, లపాన్ దొంగిలించింది దొర నీళ్లు కావు, అందరూ కలిసి తవ్వుకున్న బావిలోవి. కథ ఆ సంగతి దాచిపెట్టదు. తెలివిగలవాడికి చప్పట్లూ కొడుతుంది, వాడు పనికి రాలేదన్న లెక్కా రాస్తుంది. ముళ్లపొదలో పడ్డ లపాన్ నవ్వుతుంటే నవ్వుతూనే, మరి బావి తవ్వినవాళ్ల మాటేమిటని ఆలోచించే శ్రోత కోసం కట్టిన కథ ఇది. ఇంత మెలిక ఉన్న కథని అమాయకత్వమనడానికి ఎంత అమాయకత్వం కావాలి!

ఇంకో కథలో లపాన్, బూకీ కలిసి వెన్న దాచుకుంటారు. నన్ను జ్ఞానస్నానానికి పిలిచారంటూ లపాన్ మాటిమాటికీ వెళ్లి వెన్న తినొస్తాడు. బిడ్డకేం పేరు పెట్టారని బూకీ అడిగితే ‘మొదలు’ అంటాడు, తర్వాత ‘సగం’ అంటాడు, చివరికి ‘అయిపోయింది’ అంటాడు. ఇలాంటి కథే గ్రిమ్ సోదరుల సేకరణలో పిల్లీ ఎలుకా పేరు మీద ఉంది. జర్మనీలో ఉన్నంతసేపూ అది ప్రపంచ బాలసాహిత్యం, లూసియానాకి వచ్చేసరికి మోటు జనం కాలక్షేపం. ఇది కథ గురించిన తీర్పా, చెప్పేవాడి ఒంటి రంగు గురించిన తీర్పా?

కథలు చచ్చిపోయాయని కూడా అంటారు. బారీ జీన్ ఆన్సెలే దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి రికార్డు చేసి 1994లో వేసిన కేజన్, క్రియోల్ కథల పుస్తకం చూస్తే మామూ ఊరి సారా దుకాణాల్లో పాస్కాల్ అనే మనిషి మీద ఒకరిని మించి ఒకరు కోతలు కోసే కథలున్నాయి. రాజకుమార్తెల కథలు తగ్గాయి, కోతలూ జోకులూ పెరిగాయి. వినేవాళ్లు మారితే చెప్పేవాళ్లూ మారారు. అది ఆరోగ్యం.

భయం దగ్గరికి వద్దాం. లూసియానా పేరెత్తగానే ముందుకొచ్చేది రూగారూ, తోడేలు తల మనిషి. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస దీక్షని ఏడేళ్ల పాటు పాటించనివాడు రూగారూ అవుతాడంటారు. గుమ్మం ముందు పదమూడు నాణేలు పెడితే చాలు. అతనికి పన్నెండు దాకానే లెక్క వచ్చు, పదమూడో దగ్గర తప్పి మళ్లీ మొదటికొచ్చి తెల్లారేదాకా లెక్కిస్తూనే ఉంటాడు. సినిమాల్లో రూగారూ అంటే కోరలూ గోళ్లూ. ఊళ్లో చెప్పే కథలో మాత్రం అతను మన పక్కింటివాడు, మన మేనమామ, నిన్న మనతో పేకాడినవాడు. దారిలో ఎదురుపడి మీద పడితే కత్తితో గీసి ఒక్క చుక్క నెత్తురు రప్పిస్తే శాపం వదిలి మనిషై నిలబడతాడు. అప్పుడు బతిమాలతాడు, ఏడాదీ ఒక రోజూ నా పేరు ఎవరికీ చెప్పొద్దని. చెప్పినవాడికి ఆ శాపం తగులుతుంది.

ఈ కథ దేని గురించి? పొరుగువాడు దిగజారిపోవడాన్ని కళ్లారా చూసినప్పుడు ఏం చెయ్యాలన్నదాని గురించి. కాస్త గాయపడినా సరే అతన్ని మళ్లీ మనిషిని చెయ్యి, ఆ తర్వాత నోరు మూసుకో అంటోంది కథ. రాక్షసుడికి వేసిన శిక్ష కంటే చాడీకోరుకి వేసిన శిక్షే పెద్దది. ఒకరి గుట్టు ఒకరికి తెలియకుండా దాగని చిన్న ఊళ్లలో ఇంతకన్నా పనికొచ్చే చట్టం ఏ కోర్టు రాసింది? పిల్లల్ని రాత్రిపూట నీటిపాయల వైపు పోనీయకుండా చూసుకోవడం ఆ కథ చేసే రెండో పని. మొసళ్లున్న చోట ఆ పనికీ విలువుంది.

వైద్యం విషయంలో మూఢత్వమన్న నింద మరీ గట్టిగా వినిపిస్తుంది. ఊళ్లో త్రెతూర్ అనే మనిషుంటాడు, లేదా ఉంటుంది. వడదెబ్బకీ పులిపిర్లకీ పసిపిల్లల పళ్ల నొప్పికీ ప్రార్థన చేసి, తాకి, ఒక్కోసారి దారానికి ముడులు వేసి కట్టి పంపుతారు. ప్రార్థనలు క్యాథలిక్ ప్రార్థనలే, రహస్యంగా ఒకరి నుంచి ఒకరికి దిగుతాయి. దగ్గుకి మామూ మొక్క కషాయం లాంటి మందులూ ఈ ఇళ్లలో ఉండేవి. గంబో పులుసులో వేసే ఫీలే పొడి చోక్టా తెగవాళ్లు నేర్పినదే, చుట్టూ ఉన్న మొక్కల సంగతి కూడా ఆదివాసుల దగ్గర చాలానే నేర్చుకున్నారు. త్రెతూర్‌కి కొన్ని కట్టుబాట్లున్నాయి. అడిగితేనే చెయ్యాలి. రుసుము అడగకూడదు. చేయించుకున్నవాళ్లు కృతజ్ఞతలు కూడా చెప్పకూడదు.

ప్రార్థనతో క్యాన్సర్ తగ్గదు, పాము విషం దిగదు. తగ్గుతుందని నమ్మి ఆస్పత్రికి ఆలస్యంగా పోయినవాళ్లు ఉండే ఉంటారు. అది నేను దాచను. కానీ ఆ కట్టుబాట్ల వంక ఒకసారి చూడండి. రోగిని పీల్చి బాగుపడే అవకాశాన్ని ఆ నియమాలు మొదట్లోనే తుంచేశాయి. ఇప్పుడు అదే నేల మీద పుట్టిన ‘ఆధునిక’ వైద్యాన్ని దాని పక్కన పెట్టి చూద్దాం. కేజన్ రాజకీయ నాయకుడు, రాష్ట్ర సెనేటర్ డడ్లీ లెబ్లాంక్ 1940లలో హడాకోల్ అనే సీసా మందు అమ్మాడు. అందులో బి విటమిన్లు కొన్ని, ఆల్కహాలు 12 శాతం. పత్రికల్లో ప్రకటనలు, రేడియోలో పాటలు, హాంక్ విలియమ్స్‌ నుంచి బాబ్ హోప్ దాకా తారలతో ఊరూరా ప్రదర్శనలు. టికెట్టు డబ్బులకి బదులు హడాకోల్ మూత ఇస్తే చాలు. అమెరికా అంతా తాగింది. 1951లో ఆయన కంపెనీ అమ్మేసి పక్కకి తప్పుకున్నాడు, ఆ వెంటనే అది దివాలా తీసింది. ‘థాంక్యూ’ కూడా ఒప్పుకోని త్రెతూర్ ముసలమ్మ మూఢురాలట, సారా కలిపిన విటమిను నీళ్లు సీసాల కొద్దీ కొన్న లక్షల మంది వినియోగదారులట!

పెద్ద మూఢత్వం ఇంకొకటుంది. చిత్తడి నేలని ఎంత కోసినా ఏమీ కాదన్నది. ఫ్లాహర్టీ సినిమాలో యంత్రం వెళ్లిపోయాక నీళ్లు తేటగా ఉన్నాయి. అసలు నేల మీద చమురు కంపెనీలు యంత్రాలు తేవడానికీ గొట్టాలు వెయ్యడానికీ వేల మైళ్ల కాలువలు తవ్వాయి. వాటి వెంట ఉప్పునీరు లోపలికొచ్చి గడ్డినీ చెట్లనీ చంపింది. ఇంకో పక్క 1927 వరద తర్వాత మిసిసిపీ నది గట్లు ఇంకా బిగించడంతో కొత్త ఒండ్రు రావడం ఆగింది. 1932 నుంచి లూసియానా తీరంలో సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల నేల నీళ్లలో కలిసిపోయింది. గోవా రాష్ట్రం కంటే ఎక్కువ. ఫ్రెంచి మాట్లాడే ఆదివాసులుండే ఐల్ ద జీన్ చార్ల్స్ దీవి తన నేలలో 98 శాతం పోగొట్టుకుంది. అక్కడివాళ్లని తరలించడానికి 2016లో ఫెడరల్ ప్రభుత్వం 4 కోట్ల 83 లక్షల డాలర్లిచ్చింది. హౌమా పట్టణంలో ప్రతి అక్టోబరులో జరిగే రూగారూ ఉత్సవం ఆదాయం మాత్రం చిత్తడి నేలల గురించి జనానికి నేర్పే సంస్థకి పోతుంది. కుర్రాడి నడుముకున్న ఉప్పు ఎవరికీ చెరుపు చెయ్యలేదు.

బడి వస్తే ఇవి వాటంతటవే పోతాయన్న జోస్యం కూడా ఉత్తదే. వాటంతటవి పోలేదు, కొట్టి పోగొట్టారు. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషే ఉండాలంది. ఫ్రెంచిలో మాట్లాడిన పిల్లలు మొక్కజొన్న గింజల మీద మోకాళ్లూని నిలబడ్డారు, ఫ్రెంచి మాట్లాడనని పదేపదే పలక మీద రాశారు. ఆ పిల్లలు పెద్దయి తమ బిడ్డలకి ఆ శిక్ష తగలకూడదని ఇంట్లో ఫ్రెంచి మానేశారు. అమ్మమ్మ కథ మనవడికి అర్థం కాకపోవడం దాని ఫలితం. 1968లో అదే రాష్ట్రం ఫ్రెంచిని కాపాడటానికి కోడోఫిల్ అనే సంస్థ పెట్టింది. కాళ్లు విరగ్గొట్టి కర్ర కొనిచ్చినవాణ్ని దాత అనడం నా వల్ల కాదు.

ఈ ఆచారాల్లో అన్నీ మెచ్చుకోవాలనీ నేననను. ఉపవాస దీక్షకి ముందు రోజు మామూ, యూనిస్ వైపు పల్లెల్లో మార్డీ గ్రా పరుగు ఉంటుంది. మొహాలకి జాలీ ముసుగులు, తలకి ఒకప్పటి దొరసానుల టోపీలని వెక్కిరించే కోసుగా లేచిన కపుషాన్లు. గుర్రాల మీదా బళ్ల మీదా ఇంటింటికీ పోయి బియ్యమో కోడో అడుక్కుంటారు. ముసుగు లేని కాపితేన్ తెల్లజెండాతో ముందుగా వెళ్లి ఇంటివాళ్ల అనుమతి తీసుకోవాలి, కాదంటే వెనక్కి తిరగాలి. కోడిని గాల్లోకి విసిరితే బురదలో పడి పట్టుకుంటారు. రాత్రికి అందరికీ గంబో. ఉన్నవాడు లేనివాడి ముందు తల వంచుకుని అడుక్కునే రోజు అది, నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు. అదే పరుగుల్లో తెల్లవాళ్లు మొహాలకి నల్లరంగు పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించిన చరిత్ర కూడా ఉంది. తెల్ల కేజన్ల పరుగు వేరు, నల్ల క్రియోళ్ల పరుగు వేరు. నల్ల క్రియోల్ అకార్డియన్ విద్వాంసుడు అమెడే ఆర్డ్వాన్, తెల్ల ఫిడేలు విద్వాంసుడు డెనిస్ మగీ 1929లో కలిసి రికార్డులిచ్చారు. ఈరోజు ‘కేజన్ సంగీతం’ అంటున్నదానిలో పెద్ద భాగం ఆర్డ్వాన్ పెట్టిన భిక్ష. తెల్లామె ఇచ్చిన రుమాలుతో చెమట తుడుచుకున్నందుకు అతన్ని చావగొట్టారని చెప్పుకుంటారు. 1942లో పిచ్చాసుపత్రిలో పోయాడు, గుర్తు లేని గోతిలో పూడ్చారు. ఇలాంటివి చెప్పకుండా ఈ జనాన్ని నెత్తిన పెట్టుకునే జానపద ప్రేమికులు కూడా నాకు మిత్రులు కారు.

ఇక వూడూ. 1724లో ఫ్రెంచి వాళ్ల నల్లచట్టం లూసియానా బానిసలందరికీ క్యాథలిక్ బాప్తిస్మం ఇప్పించాలంది. వాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు, తమ దేవతలని ఆ మతపు సంతుల బొమ్మల్లో చూసుకున్నారు. 1817లో న్యూ ఓర్లీన్స్ నగరసభ బానిసల ఆటపాటలని ఆదివారానికీ, మేయరు చూపించిన చోటుకీ కట్టడి చేసింది. ఆ చోటే కాంగో స్క్వేర్‌గా పేరుకెక్కింది. 1850లో పోలీసులు వూడూ కూటముల మీద వరసగా దాడులు చేసి ఆడవాళ్లని పట్టుకుపోయారు. వాళ్ల మీద మోపిన నేరం మంత్రతంత్రాలు కావు. బానిసలూ స్వతంత్రులూ, కొన్నిచోట్ల తెల్ల స్త్రీలతో సహా, చట్టవిరుద్ధంగా ఒకచోట గుమిగూడటం. ప్రభుత్వం దేనికి భయపడిందో ఆ కేసులే చెబుతున్నాయి. అంతర్యుద్ధం అయ్యాక నల్లవాళ్లకి ఓటు హక్కు వచ్చిన రోజుల్లో జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ పండగకి పాంచట్రేన్ సరస్సు ఒడ్డుకి విలేఖరులు గుంపులుగా పోయి, నగ్న నాట్యాలూ పాములూ అంటూ కాలమ్‌ల కొద్దీ రాశారు. ఇలాంటివాళ్లకా ఓటు అన్నది ఆ వార్తల సారాంశం. హైతీ అమెరికా సైన్యం చేతిలో ఉన్నప్పుడు, 1932లో, ‘వైట్ జాంబీ’ సినిమా వచ్చింది. బొమ్మకి సూదులు గుచ్చడం యూరప్ మంత్రగాళ్ల పాత విద్య. దాన్ని తెచ్చి ఆఫ్రికా సంతతి మతానికి అంటగట్టి, ఇప్పుడు న్యూ ఓర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్ దుకాణాల్లో అమ్ముతున్నారు.

వూడూ రాణిగా పేరుపడ్డ మరీ లావో 1801లో పుట్టి 1881లో పోయింది. క్యాథలిక్ గుడికి వెళ్లేది, పచ్చజ్వరం రోగులకి సేవ చేసింది, ఉరిశిక్ష పడ్డవాళ్ల దగ్గరికి జైలుకి వెళ్లేది. ఆమె పోయినప్పుడు న్యూ ఓర్లీన్స్‌లో ఒక పత్రిక దయామయి అని రాసింది, ఇంకొకటి దుయ్యబట్టింది. రాబర్ట్ టాలంట్ 1946లో వేసిన పుస్తకం ఆ రెండో చిత్రానికే రంగులద్ది లోకానికి అమ్మింది. ఆమెను దేవతని చెయ్యడానికీ నేను ఒప్పుకోను. బానిసల్ని కొని అమ్మిన దస్తావేజులు ఆమె కుటుంబం పేరు మీద ఉన్నాయి. మంత్రగత్తే కాదు, దేవతా కాదు. ఆ నగరంలో ఆ కాలంలో బతికిన ఒక స్త్రీ. ఆమె సమాధి మీద మూడు ఇంటూ గుర్తులు గీస్తే కోరిక తీరుతుందని టూరిస్టులకి ఎవరో చెప్పారు, వాళ్లు గీకీ గీకీ దాన్ని పాడు చేశారు. 2013లో ఎవరో మొత్తం గులాబీ రంగు పూసేశారు. 2015 నుంచి గైడు లేకుండా ఆ శ్మశానంలోకి పోనివ్వడం లేదు. సమాధి గీకితే కోరిక తీరుతుందని నమ్మి టికెట్టు కొనుక్కునే మనిషిని ఎవరూ మూఢుడనరు, టూరిస్టంటారు.

ఇక్కడ మన హేతువాద మిత్రులు అడ్డం తగులుతారని తెలుసు. తెలంగాణ పల్లెల్లో బాణామతి అనుమానంతో పళ్లు ఊడగొట్టి, చెట్టుకి కట్టి మనుషుల్ని చంపుతుంటే నువ్వు మంత్రాలని వెనకేసుకొస్తావా అంటారు. ఈ ప్రశ్న నాకు చాలా ముఖ్యం, జవాబు చెబుతాను. బాణామతి పేరుతో చచ్చేది ఎవరు? ఒంటరి ముసలామె, దళితుడు, ఊరికి కిట్టనివాడు. వాళ్లని చంపేది మంత్రం కాదు, మంత్రగత్తె అన్న ముద్ర. వూడూ విషయంలో హాలీవుడ్డూ పత్రికలూ టూరు కంపెనీలూ చేసింది ఆ ముద్ర వెయ్యడమే. ముద్ర వేసేవాడి పక్కన నిలబడి దాన్ని హేతువాదమంటే నేను ఒప్పుకోను.

జూలియా బ్రౌన్ సంగతి చూడండి. పాంచట్రేన్ సరస్సుకీ మాంచాక్ చిత్తడికీ నడుమ ఫ్రెనియే అనే చిన్న ఊరు ఉండేది. జర్మన్ సంతతి రైతులు కోసుగడ్డ, అదే క్యాబేజీ, పండించి రైల్లో పంపేవాళ్లు. డాక్టరు లేని ఆ ఊళ్లో నాటువైద్యం తెలిసిన నల్లజాతి స్త్రీ ఆమె. వరండాలో కూర్చుని పాటలు పాడుకునేదంటారు. 1915 సెప్టెంబర్ 29న, ఆమె అంత్యక్రియల రోజునే, పెను తుఫాను వచ్చింది. లూసియానాలో సుమారు 275 మంది పోయారు, ఫ్రెనియేతో పాటు పక్కనున్న కలప ఊరు రడక్ తుడిచిపెట్టుకుపోయింది. రైలు స్టేషన్లో తలదాచుకున్నవాళ్ల మీద స్టేషనే కూలింది. ఈరోజు మాంచాక్‌లో రాత్రిపూట కాగడాలతో తిప్పే పడవ టూర్లలో ఆమె వూడూ మంత్రగత్తె, నేను పోతే ఊరంతటినీ తీసుకుపోతానని పాడి శపించిన క్షుద్ర స్త్రీ. ఊరివాళ్లకి జబ్బు చేస్తే చూసిన మనిషి మీద ఊరిని చంపిన నింద పడింది. ఈ కథ ఎవరిది? బాయూ జనానిదా, టికెట్లమ్ముకునేవాళ్లదా?

హ్యూస్టన్ నుంచీ డాలస్ నుంచీ సెలవులకి కార్లేసుకుని న్యూ ఓర్లీన్స్ పోయే తెలుగువాళ్లు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వాళ్లకొక మనవి. దారిలో లఫాయెట్ దగ్గర ఒక పూట ఆగండి, అక్కడ ఇప్పటికీ కథ చెప్పేవాళ్లున్నారు. సూదుల బొమ్మ కొనకండి. మాంచాక్ పడవలో గైడు గొంతు తగ్గించి జూలియా బ్రౌన్ శాపం మొదలుపెట్టినప్పుడు చెయ్యెత్తి ఒక్క మాట అడగండి: గాలివాన ముంచుకొస్తున్న ఆ పూట ఫ్రెనియేవాళ్లు పారిపోవడానికి ఆ రైలు కట్ట తప్ప ఇంకో దారి ఉందా అని.